మోకాలడ్డు

నన్నెవరూ తోయలేదు.
ఇది ముందే చెప్పాలి, అందరూ అదే అడుగుతారు కాబట్టి.
హ్యాండ్‌బాల్ కోర్టులో బంతి పట్టుకుని గాల్లోకి లేచాను.
దిగుతూ ఎడమకి తిరిగాను.
నేను తిరిగాను, మోకాలు తిరగలేదు.
ఎండుచేపని విరిచిన చప్పుడు.
చివరి వరసలో పాప్‌కార్న్ తింటున్న పిల్లాడు కూడా
నమలడం ఆపాడట.

పనులకి మోకాలడ్డేవాళ్లని చాలామందిని చూశాను గానీ
సొంత మోకాలే అడ్డం పడటం
ముప్పై ఒకటో ఏట చూశాను.

రేక్యావిక్‌లో కోశారు.
తొడ వెనకనించి ఒక తంతువు తీసి మోకాట్లో కుట్టారు.
నా దగ్గర నేనే చేసిన అప్పు.
వాయిదాలు మాత్రం సోల్‌రూన్‌కి కట్టాలి,
సోమ, బుధ, శుక్రవారాలు, పొద్దున్నే ఏడింటికి.

సోల్‌రూన్ చేతులు చల్లన. మాటలు ఇంకా చల్లన.
"తొడ బిగించు."
బిగించాను.
"బిగించమంటున్నా."
బిగించాననే అనుకున్నాను.
కండ మాత్రం కొత్త చుట్టంలా ముడుచుకు కూర్చుంది.
టేపు పెట్టి కొలిచింది:
కుడి తొడకన్నా నాలుగు సెంటీమీటర్లు తక్కువ.

డెబ్బై డిగ్రీలు వంగింది. వారం తర్వాత డెబ్బై నాలుగు.
ఆ నాలుగింటి కోసం కొరికిన తువ్వాలు
ఇంకా నా సంచిలోనే ఉంది.

నవంబరు చివర్లో మా ఈసాఫ్యోర్దుర్‌ని వదిలి
సూర్యుడు కొండ వెనక్కి వెళ్లిపోతాడు.
రెండు నెలలు రాడు.
మేం ఏడవం, వచ్చే తేదీ తెలుసు కాబట్టి.
నా మోకాలికి ఎవరూ తేదీ చెప్పరు.
"తొమ్మిది నెలలు" అంటుంది సోల్‌రూన్,
"లేదా పన్నెండు. లేదా..."
అని టేపు చుట్టేసుకుంటుంది.

చేపల ఫ్యాక్టరీలో నన్ను కత్తుల వరసనించి తీసి
స్టూలు మీద కూచోబెట్టారు, పెట్టెలకి చీటీలు అంటించడానికి.
సాయంత్రం వేడినీళ్ల తొట్టిలో
ముసలి ఎబెనేసెర్ తన మోకాలు పైకి తేల్చి చూపిస్తాడు.
"అరవై ఎనిమిదిలో, పడవ మీద, తాడు చుట్టుకుంది.
నాకెవడూ డిగ్రీలు కొలవలేదు.
మర్నాడే రొయ్యలకి పోయాను."
బోడిగుండుకీ మోకాలికీ ముడిపెట్టకు తాతా, అందామనుకున్నా.
ఆవిరిలో ఆయన బోడిగుండూ, ఆ వంకర మోకాలూ
పక్కపక్కనే మెరుస్తుంటే
నవ్వొచ్చి ఊరుకున్నాను.

నా స్థానంలో బ్రియెత్ ఆడుతోంది. పదిహేడేళ్లు.
బాగా ఆడుతుంది.
ఈ ఒక్క మాట ఒప్పుకోడానికి డిసెంబరంతా పట్టింది.
నిద్రపట్టని ఓ రాత్రి, ఆ పిల్ల జారిపడాలని
క్షణం సేపు అనుకున్నాను కూడా.
సిగ్గుతో ముడుచుకు పడుకుందామంటే
ఆ వంపుకింకా ఇరవై డిగ్రీలు తక్కువ.

జనవరి ఇరవై అయిదున వీధిలో ఎండ పడింది.
ఊరంతా పల్చటి అట్లు, కాఫీ.
ఆ సాయంత్రం జిమ్‌కి వచ్చింది బ్రియెత్,
చేతిలో అట్టు ముక్క, వేళ్లకి జామ్.
"దిగేటప్పుడు నా మోకాళ్లు లోపలికి పడుతున్నాయట. చూస్తావా?"

దూకింది. నిజమే.
రెండు మోకాళ్లూ గుసగుసలాడుకోవడానికన్నట్టు దగ్గరికొచ్చాయి,
అచ్చం నావి వచ్చినట్టే.
"అలా కాదు. మునివేళ్ల మీద దిగు, నడుం వెనక్కి.
గోడ దూకిన దొంగలా దిగాలి."
"ఎలా?"
"ఇలా."

అడుగెత్తు చెక్కపెట్టె. ఎప్పుడెక్కానో తెలీదు.
నేల మీదున్నాను, రెండు కాళ్ల మీదా.
మూలనించి సోల్‌రూన్ అరుస్తోంది,
ఎవరు దూకమన్నారు నిన్ను, ఇంకా మూడు వారాలుందిగా అని.
బ్రియెత్ నమలడం ఆపేసింది.
నేను ఊపిరి బిగబట్టి వింటున్నాను,
లోపలి ఎండుచేప ఏమైనా అంటుందేమోనని.

నొప్పి ఉంది.
చప్పుడు లేదు.
"నీ వంతు" అన్నాను.